ఎండాడ వాలులో కొబ్బరి పీచు చాప, సిల్ట్ ఫెన్స్ గుడ్డ: ఒక వానాకాలం వాడి చూశాక

ఇల్లు కట్టడానికి తవ్విన మట్టి వానకి కొట్టుకుపోకుండా ఆపే వస్తువులివి. ముందు మార్కులు చెప్పేస్తాను, అంతా చదివే టైం లేనివాళ్ళకి ఇవి చాలు. కొబ్బరి పీచు చాపకి 5కి నాలుగున్నర. సిల్ట్ ఫెన్స్ గుడ్డకి మూడు. దాన్ని బిగించడానికి వచ్చిన వాళ్ళ పనికి ఒకటే. కొండవాలులో ఇల్లు కట్టేవాళ్ళు, ముఖ్యంగా విశాఖలో ఎండాడ, రుషికొండ, మధురవాడ, కొమ్మాది వైపు పునాది తవ్వబోతున్నవాళ్ళు మాత్రం దయచేసి చివరిదాకా చదవండి, ఎందుకంటే నేను చేసిన తప్పులు మీరు చెయ్యకుండా ఉంటే మీ డబ్బూ మిగులుతుంది, మన సముద్రమూ కొంచెం తేరుకుంటుంది.

మాది ఎండాడలో సముద్రం వైపు దిగే వాలు మీద 267 గజాల స్థలం. 2025 ఏప్రిల్‌లో పొక్లెయిన్ పెట్టి పై వైపు కొండని నాలుగు మీటర్ల ఎత్తున నిలువుగా కోశాం, ఆ మట్టిని కింది వైపు కుప్ప పోశాం. అందరూ అలాగే చేస్తారు, మేమూ అలాగే చేశాం. మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలితో వాన మొదలై ముప్పావుగంట కొట్టింది. తెల్లారి సైటుకి వెళ్ళేసరికి కుప్ప సగానికి తగ్గిపోయింది, ఫుటింగ్ (పునాది) గోతులు బురదతో నిండిపోయాయి, వీధి మొత్తం ఎర్రగా ఉంది. కింది ఇంటి మామ్మగారు చీపురు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "బాబూ, మీ కొండంతా మా వాకిట్లోకి వచ్చీసింది" అన్నారు. కోపంగా కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది. ఇద్దరు కూలీలని పెట్టి ఆవిడ వాకిలి కడిగించాను, కాలవలో పూడిక తీయించాను.

ఆ పని అవుతుండగా ఒక ఆలోచన వచ్చింది. ఆవిడ వాకిట్లో ఆగింది కొంచెమే, మిగతాది ఎటు పోయింది? బండి తీసి కాలవ వెంట కిందికి వెళ్ళాను. మా వీధి కాలవ ఇంకో రెండు వీధుల కాలవల్ని కలుపుకుని గెడ్డలో, అంటే కొండవాగులో పడుతుంది, గెడ్డ బీచ్ రోడ్డు కింద తూము దాటి నేరుగా సముద్రంలోకి పోతుంది. మధ్యలో ఎక్కడా చెరువు లేదు, వడపోత లేదు. జోడుగుళ్లపాలెం వైపు ఒడ్డున నిలబడి చూస్తే నీలం నీళ్ళలో ఎర్రటి నాలుక చాచినట్టు ఒక చార ఉంది. అందులో మా కొండ ఉంది. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని అడిగితే, "కొండ నీళ్ళు దిగితే ఒడ్డు దగ్గర వల వేసి లాబం లేదు బాబూ, బురదే వస్తాది" అన్నాడు. ఆయన నావైపు చూడకుండానే చెప్పాడు, నేనూ ఇల్లు కడుతున్నానని ఆయనకి చెప్పలేకపోయాను.

మన మట్టే ఎరుపు కదా, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఎన్ని వేల ఏళ్ళుగా లేవూ, వానకి కొంచెం కరిగితే ఏమవుతుంది అని మా బంధువులు చాలామంది అన్నారు. నిజమే, విశాఖ కొండల్లో ఎక్కువభాగం ఖొండలైట్ అనే రాయి, ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరు అది. పైన శిథిలమైపోయి వేలితో నలిపితే పొడయ్యే స్థితిలో ఉంటుంది. చెట్టూ గడ్డీ ఉన్నంతకాలం ఆ పొడిని వేళ్ళు పట్టుకుని ఉంచుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి కైలాసగిరి మీద చెట్లు కూల్చేశాక ఆ కొండ ఎంత బోడిగా కనిపించిందో ఊళ్ళో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పొక్లెయిన్ పెట్టినప్పుడు మనం మన 267 గజాలకి అదే పని చేస్తున్నాం. కప్పు లేని మట్టి మీద వాన చినుకు పడితే అది చిన్న సుత్తి దెబ్బ లాంటిది, రేణువు విడిపోతుంది, వెనకే వచ్చే నీళ్ళు దాన్ని మోసుకుపోతాయి. ఇసుక అయితే నిమిషాల్లో అడుక్కి దిగుతుంది, కానీ ఈ ఎర్ర బంకమట్టి రేణువు గంటలు, ఒక్కోసారి రోజులు నీళ్ళలో తేలుతూనే ఉంటుంది. తేలినంతసేపూ నీళ్ళలోకి వెలుతురు దిగదు, చేపల మొప్పలకి పట్టుకుంటుంది, అడుక్కి దిగాక గుడ్ల మీద పొరలా పరుచుకుంటుంది. సైటులో కారిన డీజిలూ, నూనే, పెయింటూ కూడా ఆ రేణువులకే అంటుకుని వెళ్తాయి. శుభ్రమైన బీచ్‌లకి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో రుషికొండ బీచ్‌కి వచ్చినప్పుడు మనమంతా గర్వపడ్డాం, ఆ బీచ్‌కి పైనున్న వాలుల్లోనే మనమంతా తవ్వుతున్నాం.

అందుకని జూన్ వానలు దిగేలోపు ఏదో ఒకటి చెయ్యాలని పట్టుబట్టి వెతికాను. హైవే పనుల్లోనూ పెద్ద అపార్ట్‌మెంట్ సైట్లలోనూ వాడేవాటి గురించి తెలిసిన ఇంజినీర్లని అడిగి, రెండు వస్తువులు కొన్నాను. ఒకటి కొబ్బరి పీచు చాప, అంటే పీచు తాడుతో వల అల్లినట్టు అల్లిన చుట్ట. కాయిర్ (కొబ్బరి పీచు) పరిశ్రమ వాళ్ళు దీన్ని భూవస్త్రం అంటారు, ఐఎస్ 15869 అని దీనికి ఒక ప్రమాణం కూడా ఉంది. రెండోది సిల్ట్ ఫెన్స్ గుడ్డ, నల్లటి ప్లాస్టిక్ దారంతో నేసిన గుడ్డ, నీళ్ళని మెల్లగా వదిలి మట్టిని ఆపుతుంది.

చాప సంగతి ముందు.

చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు అన్నదాన్ని బట్టి ఈ చాపని అమ్ముతారు. 400, 700, 900 దొరుకుతాయి. వాలు తక్కువున్న చోట 400 సరిపోతుంది, మాలాంటి వాలుకి 700 తీసుకోమన్నారు. రెండు మీటర్ల వెడల్పు, యాభై మీటర్ల పొడవు ఉన్న చుట్టలు రెండు ఆర్డర్ ఇచ్చాను, చదరపు మీటరు 70 రూపాయలు పడింది, అంటే 14 వేలు. చుట్టలు దిగాక మా మేస్త్రి ఒకదాన్ని ఒంటిచేత్తో ఎత్తి పక్కన పెట్టాడు, అక్కడ అనుమానం వచ్చింది. లెక్క వేస్తే నూరు చదరపు మీటర్ల చుట్ట, 700 గ్రాముల చొప్పున 70 కిలోలు ఉండాలి. పాత ఇనుప సామాన్ల కొట్లో కాటా మీద పెడితే 46 కిలోలు తూగింది. షాపు వాళ్ళకి కాటా ఫోటో పంపితే ముందు "అది ఎండిపోయిన బరువండీ" అన్నారు, రెండోసారి గట్టిగా అడిగితే మార్చి ఇచ్చారు, కానీ రవాణా 1,800 నా దగ్గరే తీసుకున్నారు. మార్చి ఇచ్చిన సరుకు మాత్రం బంగారం, ఉద్దానం పీచట, తాడు మందంగా ఉంది, ముడులు కదల్లేదు. మీరు కొంటే చుట్ట దింపిన రోజే తూకం వేయించండి, పరిచేశాక ఎవరూ వెనక్కి తీసుకోరు.

పరవడం మేమే చేసుకున్నాం. దీనికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు గానీ ఓపిక కావాలి. కోసిన గట్టుని ముందు కొంచెం వాలుగా చెక్కించాం, నిలువు గోడ మీద ఏ చాపా నిలవదు. పైన అడుగు లోతు గాడి తవ్వి చాప అంచుని అందులో పెట్టి మట్టి కప్పి తొక్కాం, అక్కణ్ణుంచి కిందికి చుట్ట విప్పుకుంటూ వచ్చాం. పక్కపక్క చుట్టలు జానెడు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. కిందికి పొడవు చాలక అతుకు వేస్తే మాత్రం పెంకులు పరిచినట్టు పై ముక్క కింది ముక్క మీదకి రావాలి, తిరగేస్తే నీళ్ళు లోపలికి దూరిపోతాయి. మేకులకి డబ్బు పెట్టలేదు, మిగిలిపోయిన 6 ఎంఎం రాడ్‌ని అడుగు పొడవు వచ్చేలా వంచి కొట్టించాను. అన్నిటికంటే ముఖ్యం, చాపని మంచం నవారులా బిగించి లాగకూడదు, మట్టికి ప్రతిచోటా ఆనాలి. మావాళ్ళు మొదట చూడ్డానికి బాగుంటుందని బిగించారు, కింద చెయ్యి దూరేంత ఖాళీ ఉంది. విప్పించి మళ్ళీ వేయించాను. "మట్టికి చీర కడుతున్నారేటి సార్" అని మా మేస్త్రి నవ్వాడు గానీ మొదటి వాన తర్వాత కుప్పకి కూడా వేద్దామని అతనే అడిగాడు.

చాప గళ్ళలో రెండు కిలోల ఉలవలు, కొంచెం పిల్లిపెసర చల్లాం, గట్టు పైఅంచున వట్టివేరు మొక్కలు నాటాం. ఉలవలు వారానికి మొలిచాయి. జులై చివరికి గట్టు పచ్చగా ఉంది, దారిన పోయేవాళ్ళు ఆగి ఏం పంట అని అడిగేవాళ్ళు. చాప నాలుగేళ్ళలోపు కుళ్ళి మట్టిలో కలిసిపోతుంది, ఈలోపు వేళ్ళు దాని పనిని అందుకుంటాయి. ప్లాస్టిక్ బరకం కప్పితే సరిపోదా అని చాలామంది అడుగుతున్నారు. రెండు రోజుల వానకైతే సరిపోతుంది. కానీ బరకం మీద పడ్డ నీళ్ళు ఒక్క చుక్క కూడా ఇంకవు, మొత్తం ఒకేసారి వేగంగా కిందికి దూకి అంచు దగ్గర గొయ్యి చేస్తాయి, పైగా మన గాలికి అది ఎన్నాళ్ళు నిలుస్తుంది? చాప కింద నీళ్ళు ఇంకుతాయి, మిగిలినవి తాడుకి తాడుకి మధ్య తడబడుతూ మెల్లగా దిగుతాయి. అరమార్కు ఎందుకు తగ్గించానంటే తూకం మోసం జరిగే వీలుంది కాబట్టి, ఇంకా ఊళ్ళో చిల్లరగా రెండు మూడు మీటర్లు అమ్మే చోటు నాకు దొరకలేదు కాబట్టి.

ఇప్పుడు సిల్ట్ ఫెన్స్. ఇక్కడే నేను మోసపోయానో, నాకే తెలియక పొరపడ్డానో ఇప్పటికీ చెప్పలేను.

మీటరు వెడల్పు గుడ్డ, అరవై మీటర్లు, మీటరు 45 రూపాయలు. సరుగుడు కర్రలు 26, ఒక్కోటి 60. బిగించడానికి ఒక సర్వీసు వాళ్ళని మాట్లాడుకున్నాను, ముగ్గురు మనుషులు రెండు రోజులు, 5,400. సాయంత్రం వెళ్ళి చూస్తే కంచె నిటారుగా, నీట్‌గా, ఫోటోలో చూసినట్టే ఉంది. జూన్‌లో మొదటి గట్టి వానకి నీళ్ళు దాని కిందనుంచి హాయిగా వెళ్ళిపోయాయి. కంచె నిలబడే ఉంది, మట్టి మాత్రం వీధిలో ఉంది. ఏమిటా అని చూస్తే గుడ్డ అడుగుభాగాన్ని భూమిలో పాతలేదు, నేల మీద ఆనించి రెండు రాళ్ళు పెట్టారు. ఫోన్ చేస్తే మర్నాడు మనిషిని పంపారు, అతను ఇంకో నాలుగు రాళ్ళు పెట్టి వెళ్ళాడు. రాళ్ళతో అయ్యే పని కాదు. జానెడు లోతు గాడి తవ్వాలి, గుడ్డ కింది అంచుని అందులో దించి వంచి, మట్టి నింపి, గట్టిగా దిమ్మిస చెయ్యాలి. కర్రలు నీళ్ళు వచ్చే వైపు కాకుండా అవతలి వైపు ఉండాలి, అప్పుడే బరువు పడినప్పుడు గుడ్డ కర్రకి ఆనుకుంటుంది, మేకు దగ్గర చిరగదు. మావాళ్ళు అది కూడా తిరగేసి పెట్టారు. ఇంకో సంగతి, కంచె సరిహద్దు గోడలా స్థలం అంచు వెంట పైనుంచి కిందికి పోకూడదు. ఒకే మట్టం వెంట అడ్డంగా పోయి, రెండు చివరలూ వాలు పైవైపుకి వంగాలి, అరచేతులు దోసిలి పట్టినట్టు. లేకపోతే నీళ్ళు కంచె పక్కనే జారుకుంటూ చివర దాకా వెళ్ళి తప్పించుకుంటాయి.

అదంతా విప్పించి మా మేస్త్రితో కొత్తగా పాతించాను. తర్వాత నుంచి పనిచేసింది, బాగానే పనిచేసింది. ప్రతి వాన తర్వాత కంచె లోపల ఇసుకా గరుకు మట్టీ పేరుకునేవి. గుడ్డ ఎత్తులో మూడోవంతు దాకా పేరుకుంటే తీసేయాలి, లేకపోతే బరువుకి కూలుతుంది. ఈ సీజన్‌లో మేము ఆరుసార్లు తీశాం, తీసిన మట్టిని మళ్ళీ బేస్‌మెంట్‌లోనే నింపుకున్నాం. మేలో పోయిన మట్టికి బదులు రెండు ట్రాక్టర్ల గ్రావెల్ కొనాల్సి వచ్చిందని గుర్తొస్తే ఆ ఆరుసార్ల కూలీ నాకు భారం అనిపించలేదు.

మరి మూడు మార్కులే ఎందుకంటే, గుడ్డ దాటి వచ్చే నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉంటాయి. ఇది అమ్మేవాళ్ళెవరూ చెప్పరు. గుడ్డ ఆపేది ఇసుకని, గరుకు మట్టిని. బంకమట్టి రేణువు గుడ్డ కన్నాల కంటే చాలా చిన్నది, చాయ్ గుడ్డలోంచి డికాక్షన్ దిగినట్టు దిగిపోతుంది. ఆ రంగుని తగ్గించాలంటే రెండే దారులు. మట్టి అసలు కదలకుండా పైన కప్పడం ఒకటి, అది చాప చేస్తుంది. నీళ్ళని నిలవబెట్టి తేర్చడం రెండోది. దానికోసం స్థలంలో అన్నిటికంటే పల్లంగా ఉన్న మూల మూడు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరు లోతు గొయ్యి తీయించాను. అందులో నాలుగున్నర వేల లీటర్లు పడతాయి. పెద్ద గొయ్యే అనుకున్నాను. లెక్క వేసుకుంటే 100 మిల్లీమీటర్ల వాన పడితే మా 267 గజాల మీదే 22 వేల లీటర్లు చేరతాయి, అంటే గొయ్యి అయిదుసార్లు నిండి పొర్లాలి. కాబట్టి పెద్ద వానలో గొయ్యి బంకమట్టిని తేర్చలేదు, బరువైనదాన్ని దించుతుంది అంతే. కానీ వాన వెలిశాక మిగిలిన నీళ్ళు తోడి కాలవలో పోయడానికి ముందు మాత్రం ఇది చాలా ఉపయోగం. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో బురద నీళ్ళ బిందెలో ఇండుపు గింజ అరగదీసి కలిపేవాళ్ళు, లేదా పటిక తిప్పేవాళ్ళు. అదే పని ఇక్కడ పావు కిలో పటికతో చేశాను, బకెట్ నీళ్ళలో కరిగించి గొయ్యిలో పోసి కర్రతో కలిపి వదిలేస్తే మర్నాటికి పైన తేట, అడుగున బురద. పైనీళ్ళు మోటారుతో తోడి క్యూరింగ్‌కి వాడుకున్నాం. పటిక ఎక్కువ పోస్తే నీళ్ళు పుల్లబడతాయి, అందుకని కొలత దాటొద్దు, పారే నీళ్ళలో అసలు పోయొద్దు.

అసలు పరీక్ష అక్టోబరులో వచ్చింది. మొంథా తుపాను 28 రాత్రి గోదావరి జిల్లాల వైపు తీరం దాటింది గానీ మనకి 27, 28 తేదీల్లో వాన వదల్లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మామ్మగారి గేటే కళ్ళముందు మెదిలింది. తెల్లారకముందే రెయిన్‌కోటు వేసుకుని వెళ్ళాను. చాప వేసిన గట్టు చెక్కుచెదరలేదు, నిజంగా చెబుతున్నాను, ఒక్క చోట కూడా గండి పడలేదు, చాప మీదనుంచి జారే నీళ్ళు దోసిట్లో పట్టి చూస్తే దాదాపు తేటగా ఉన్నాయి. కంచె మాత్రం ఉత్తరం మూల చిరిగిపోయింది. ఆ మూలకి పై స్థలంలోంచి ఒక నీటిదారి దిగుతుంది. పైవాళ్ళ నీళ్ళన్నీ ఒకచోట చేరి వేగంగా వచ్చి గుడ్డని తోసేశాయి. తప్పు గుడ్డది కాదు, అది పరుచుకుని వచ్చే నీళ్ళ కోసం చేసింది, ధారగా వచ్చే నీళ్ళకి అడ్డం పెట్టకూడదు. అది నాకు ఎవరూ చెప్పలేదు, లేదా చెప్పినా నేను వినలేదేమో. ఆ రోజు వర్షంలోనే పిక్క (కంకర) బస్తాలు అడ్డం వేయించి ఆపాం. వీధిలోకి కొంత మట్టి వెళ్ళింది, మేలో వెళ్ళినదాంట్లో పదోవంతు కూడా ఉండదు. మామ్మగారి వాకిలి పొడిగా ఉంది అనలేను, తుపాను కదా, కానీ ఎరుపు లేదు.

వాన తగ్గాక చేసిన పని మొదటిరోజే చేసి ఉండాల్సింది. పై సరిహద్దు వెంట అడుగున్నర ఎత్తు మట్టికట్ట వేసి, దానికీ చాప కప్పి, పైనుంచి వచ్చే నీళ్ళని మా తవ్వకంలోకి రాకుండా పక్కనుంచి వీధి కాలవలోకి మళ్ళించాం. ఆ నీళ్ళు వచ్చేటప్పుడు శుభ్రంగానే వస్తాయి, మన సైటులోకి దిగాకే పాడవుతాయి. ముందు పై నీళ్ళు మళ్ళించడం, తర్వాత గట్టూ కుప్పా కప్పడం, కంచె ఆఖరున. నేను తిరగేసి మొదలుపెట్టాను, ఎందుకంటే కంచె కంటికి కనిపిస్తుంది, అమ్మేవాళ్ళు కూడా ముందు దాన్నే చూపిస్తారు.

సిమెంటు నీళ్ళ గురించి కూడా చెప్పాలి, ఎర్రమట్టి కనీసం కంటికి కనిపిస్తుంది, ఇది కనిపించదు. స్లాబ్ రోజు రెడీమిక్స్ బండి వచ్చింది, పోత అయ్యాక డ్రైవరు పైపు తీసి వీధి కాలవ దగ్గర చూట్ (కాంక్రీటు జారే రేకు) కడగబోయాడు. ఆపి, ముందే తవ్వించి బరకం పరిచి ఉంచిన గొయ్యిలో కడగమన్నాను. "ఎక్కడా ఇలా అడగరు సార్" అన్నాడు, కానీ కడిగాడు. ఆ నీళ్ళలో పీహెచ్ కాగితం (నీళ్ళలో పులుపు, క్షారం ఎంతుందో చూపేది) ముంచితే ముదురు నీలం అయిపోయింది, డబ్బా మీద రంగుతో పోలిస్తే 12 దగ్గర. మంచినీళ్ళకి 7 దగ్గర ఉండాలి. చేతికి తగిలితే చర్మం పగిలే నీళ్ళు గెడ్డలో చేపకి ఏం చేస్తాయో ఆలోచించండి. డ్రమ్ మొత్తం కడిగితే వందల లీటర్లు అవుతాయి, అది ప్లాంటుకి తీసుకెళ్ళి కడుక్కోమని ముందే మాట్లాడుకోవాలి. గొయ్యిలో నీళ్ళు వారంలో ఎండిపోయాయి, అడుగున గట్టిపడిన ముద్దని పగలగొట్టి మెట్ల కింద ఫిల్లింగ్‌లో వేశాం. బరకానికి 1,400 అయింది. ఇది మట్టి తేర్చే గొయ్యికి వేరుగా ఉండాలి, రెండూ కలపొద్దు.

గేటు దగ్గర 40 ఎంఎం పిక్క ఒక ట్రాక్టరు, 3,500 పెట్టి జానెడు మందాన పరిపించాం, టిప్పరు టైర్లకి అంటుకున్న మట్టి అక్కడే రాలిపోతుందని. పెద్ద సైట్లలో పదిహేను మీటర్ల పొడవున వేస్తారు, మాకు అయిదు మీటర్లే చోటుంది, సగం మట్టి రాలేది, మిగతా సగం రోజూ సాయంత్రం ఊడిపించేవాళ్ళం. నీళ్ళు పెట్టి కడిగితే మళ్ళీ కాలవలోకే వెళ్తుంది కాబట్టి చీపురే. ఇసుక బస్తాల గురించి ఒక్క మాట, ఖాళీ సిమెంటు సంచుల్లో ఇసుక నింపి అడ్డం వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ మొదట వేశాను. మన ఎండకి రెండు నెలల్లో సంచి పోగులు పోగులుగా ఊడిపోయింది, ఆ ప్లాస్టిక్ పోగులన్నీ గెడ్డలోకే. గోనె సంచులు వాడండి.

మొత్తం ఖర్చు, మార్పిడి రవాణా, పటికతో సహా, 31 వేలకి కొంచెం తక్కువ. మాది జీ ప్లస్ వన్, ఇంటి ఖర్చులో ఇది గుమ్మం తలుపుకి పెట్టినంత కూడా కాదు. "చిన్న ఇల్లు కడుతూ ఇవన్నీ ఎందుకు, రూల్ ఉందా?" అని కొందరు అడిగారు. 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టే ప్రాజెక్టులకి 2006 నుంచి పర్యావరణ అనుమతి తప్పనిసరి, వాళ్ళు ఇవన్నీ కాగితం మీదైనా చూపించాలి. ఏప్రిల్ 1, 2026 నుంచి అమలయ్యే కొత్త నిర్మాణ వ్యర్థాల నియమాల్లో కూడా అసలు బరువు ఆ సైజు వాళ్ళ మీదే ఉంది. కానీ వాటికి ముందున్న 2016 నియమాల్లోనే, నిర్మాణ వ్యర్థం పుట్టించే ప్రతి ఒక్కరూ అది కాలవలకి అడ్డుపడకుండా చూసుకోవాలని ఉంది, ప్రతి ఒక్కరూ అంటే 267 గజాల వాళ్ళు కూడా. అయినా నాకు రూల్ కంటే లెక్కే బాధగా ఉంది. మా ఒక్క వీధిలోనే ఇప్పుడు తొమ్మిది సైట్లు తవ్వి ఉన్నాయి, అన్నిటి నీళ్ళూ కలిసేది ఒకే గెడ్డలో. ప్లాన్ అప్రూవల్ ఇచ్చేటప్పుడు ఇంకుడు గుంత ఎక్కడ అని అడుగుతారు కదా, తవ్వే మట్టిని ఎలా ఆపుతావు అని కూడా ఒక్క ప్రశ్న అడిగితే బాగుండు.

చాప మళ్ళీ కొంటాను, ఎవరడిగినా కొనమంటాను. గుడ్డ కొనండి, కానీ పాతేటప్పుడు పక్కనే నిలబడండి, గాడి తవ్వకుండా కర్ర ముట్టుకుంటే ఆపేయండి. బిగించే సర్వీసుకి డబ్బు ఇవ్వడం కంటే ఈ పద్ధతి తెలిసిన మేస్త్రికి రోజు కూలీ ఇచ్చుకోవడం మేలు. చెయ్యాల్సిన నెల మే మొదటివారం, జూన్ దాకా ఆగొద్దు.

మాకు పన్నెండు మీటర్ల గుడ్డ, చాపలో ఒక చుట్ట సగం మిగిలాయి. పై స్థలం వాళ్ళు సంక్రాంతి తర్వాత పునాది తీస్తామని వచ్చి అడిగితే ఇచ్చేశాను. నిన్న చూసొచ్చాను, పొక్లెయిన్ ఇంకా రాలేదు గానీ పై సరిహద్దు వెంట మట్టికట్ట వేసేశారు.